తప్పుల గుడ్డ

"ఫోను మెషిన్ పక్కన పెట్టి తొక్కమ్మా, నేను వింటాను" అంది హలోగారు.

అవతలి మెషిన్ నాలుగుసార్లు టకటకమని గుర్రుమంది. హలోగారు తన బల్లమీది పాత మెషిన్‌లో పైదారాన్ని కావాలనే బిగింపు బిళ్ళల్లోంచి తప్పించి, ఒక పొడవాటి తెల్లగుడ్డ కొసన కుట్టింది. ఆ మెషినూ అచ్చం అలాగే గుర్రుమంది. గుడ్డ తిరగేస్తే అడుగున దారమంతా పిచ్చుకగూడులా చుట్టుకుపోయి ఉంది.

"దొరికింది! పైదారం రెండు బిళ్ళల మధ్యలోంచి పోవడం లేదు, చూడు."

"అమ్మో! పక్కనే కూర్చుని చూసినట్టు చెప్పారక్కా!"

"చూడలేదమ్మా. నువ్వు చేసిందే నేనూ చేశాను."

ఇరవై రెండేళ్ళుగా ఇదే ఆమె పద్ధతి. టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో, పదకొండుమందితో నడిచే ఆ కుట్టుమెషిన్ల కంపెనీలో కొనుగోలుదారుల గోడు వినేది ఆమె ఒక్కతే. చేరిన రోజున చేతికిచ్చిన పుస్తకాన్ని వారం తిరక్కుండా సొరుగులో పడేసింది. అందులో మెషిన్లు చేసే తప్పులున్నాయి కానీ మనుషులు చేసేవి లేవని ఆమె ఫిర్యాదు. అందుకని అవతలివాళ్ళు చేసిన తప్పేదో ముందు తన చేత్తో చేసి చూసేది. గుడ్డ నిండితే ఇంకో ముక్క అతికేది. పాదం కింద నలిగిన కుట్లు, దాటేసిన కుట్లు, ముడుచుకుపోయిన కుట్లు పేరుకుని ఇప్పుడా గుడ్డ ఆఫీసుని రెండుసార్లు చుట్టొచ్చేంత పొడవైంది. యజమాని దానికి తప్పుల గుడ్డ అని పేరు పెట్టాడు. ఆమెకి హలోగారనే పేరు పెట్టిందీ ఆయనే. పొట్టిగా, గుండ్రంగా ఉండే ఆవిడకి ఫోను ఇరికించీ ఇరికించీ కుడిభుజం ఎడమదానికన్నా కాస్త పైకి ఉండిపోయింది. ఇంట్లో నిద్రలేపినా "హలో" అనే లేస్తుంది.

ఈరోజుతో ఆ ఉద్యోగం ఆఖరు. పొద్దుటినుంచీ అందరూ ముఖాలు వేలాడేసుకుని తిరుగుతున్నారు. హలోగారికేమో కాళ్ళు నేలమీద నిలవడం లేదు! ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక ఛస్తోంది పాపం. ఎవరైనా దగ్గరకొచ్చి "వెళ్ళిపోతున్నారా?" అంటే గబగబా ముఖం దించుకుని, నవ్వు కనబడకుండా సొరుగు సర్దుతోంది. ఆ సొరుగు ఇప్పటికి ఆరుసార్లు సర్దింది.

ఆమె భర్త పడవల మీద పేర్లూ అంకెలూ రాస్తాడు. రేవులో పని దొరికి ఐదువారాల కిందట వెళ్ళాడు. "వంటింటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. గిన్నెలు తోముకుంటూ చూడొచ్చు" అని మొన్న ఫోను చేశాడు.

"అయితే తోమేది మీరు, చూసేది నేను" అందామె. యాభై ఒక్కేళ్ళొచ్చాయి, సముద్రం ఎలా ఉంటుందో తెలియదు.

అసలు ఇది మూడోసారి. మొదటిసారి ఆమె రాజీనామా ఇస్తే యజమాని "ఒక్క నెల ఆగండమ్మా" అన్నాడు. ఆ నెల తొమ్మిదేళ్ళు సాగింది. రెండోసారి పెట్టెలు కట్టేశాక, కొత్త మెషిన్లు పాడై ఫోన్లు మోగిపోతున్నాయని ఆయన ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఆమే తాళ్ళు విప్పేసింది. భర్త చుట్టిన పరుపు మళ్ళీ పరిచాడు. ఈసారి మాత్రం, "నేను ముందెళ్తాను. నువ్వు రాకపోతే కోపం లేదు. కానీ నేను వెనక్కి రాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నమాట ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదని ఆమెకి తెలుసు.

ఐదూ నలభైకి రైలు. నాలుగున్నరకల్లా మెట్లు దిగాలి. బల్ల కింద పెట్టె, దాని మీద సంచి, సంచిలో ఉతికి మడతపెట్టిన తప్పుల గుడ్డ. గుడ్డ తీసుకెళ్తానని యజమానిని అడిగి మరీ ఒప్పించుకుంది. పొద్దున కుట్టిన కొసే ఇంకా నలిగి ఉంది.

మూడింటికి టీ, బిస్కెట్లు వచ్చాయి. యజమాని నాలుగు మాటలు మాట్లాడబోయి రెండో మాటకే ఏడ్చేశాడు. హలోగారూ ఏడవడం న్యాయం. రాదే! చేతిరుమాలు కళ్ళకద్దుకుని తొడ గిల్లుకుంది. గిల్లినచోట నొప్పి పుట్టింది కానీ కన్నీరు పుట్టలేదు. ఇదేం రాతిగుండె నాది అని తన మీద తనకే కోపం వచ్చింది.

నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. ఆమె చోటులోకి వచ్చిన కొత్తావిడ ఎత్తింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, మహా పద్ధతి మనిషి. రెండువారాలుగా పని నేర్చుకుంటోంది, తప్పు కుట్టడం మాత్రం ఆమెవల్ల కావడం లేదు. సొరుగులోంచి పుస్తకం తీసి చదువుతుంది.

ఫోనులో ఒకావిడ ఏడుస్తోంది. నాటకానికి తెర కుడుతోందట. ఆట రేపే. మెషిన్ నాలుగు కుట్లు వేసి అయిదోది దాటేస్తోంది. కొత్తావిడ పద్నాలుగో పేజీ రెండుసార్లు చదివి వినిపించింది. అవతల ఏడుపు పెరిగింది.

యజమాని పరుగున వచ్చాడు. "అమ్మా, ఇది మీవల్లే అవుతుంది. ఒక్క పది నిమిషాలు. రైలు రేపు కూడా ఉంటుంది కదా!"

హలోగారి చెయ్యి దానంతటదే ఫోను వైపు సాగింది, భుజం దానంతటదే లేచింది. ఫోనులోంచి వస్తున్న మెషిన్ శబ్దం వినగానే ఆమెకి తెలిసిపోయింది, సూది తిరగేసి పెట్టారు. అంతలో సంచిలో ఆమె ఫోను గుర్రుమంది. భర్త రాసిన సందేశం: "బయల్దేరావా?"

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మీరే చూడండి" అంది కొత్తావిడతో. "ఆవిడ తప్పు మీ చేత్తో చెయ్యండి."

"నాకు రాదండీ! చిన్నప్పట్నుంచీ గీత వంకరపోతే మళ్ళీ మొదట్నుంచి గీసే రకాన్ని."

"గీయకండి మరి. కుట్టండి."

కొత్తావిడ చుట్టూ చూసింది. సంచిలోంచి కనబడుతున్న తప్పుల గుడ్డని లాగి పాదం కింద పెట్టింది. తనకీ అదే తోచిందేమో, సూది తిరగేసింది. హలోగారు మాట నోట్లోనే నొక్కిపట్టి నిలబడింది. కానీ అసలు కుట్టే పడలేదు. అంటే అది కాదు! హలోగారి నోరు తెరుచుకుంది.

కొత్తావిడ సూది సరిచేస్తూ, "తెర గుడ్డ ఎలాంటిదండీ?" అని ఫోనులో అరిచింది.

"మందం. దుప్పటంత. నాలుగు మడతలు."

ఆ పద్ధతి మనిషి ఒక్క ఉదుటున లేచి, కిటికీకి వేలాడుతున్న మందపాటి తెర అంచు లాగి, నాలుగు మడతలు వేసి, తప్పుల గుడ్డ మీదే పెట్టి తొక్కేసింది. టకటకటకటక... ఖాళీ. టకటకటకటక... ఖాళీ.

"సన్నసూది! మీరు సన్నసూదితో కుడుతున్నారు! లావుది పెట్టండి, పెట్టి తొక్కండి!"

అవతలినుంచి కేక వినబడింది, ఈసారి ఏడుపు కాదు. కొత్తావిడ చిన్నపిల్లలా నవ్వుతోంది. యజమాని చప్పట్లు కొట్టి, "ఏం నాటకమో అడగండి, ఏం నాటకమో!" అని ఫోను మీదికి ఒంగిపోయాడు.

తను ఎత్తి ఉంటే సూది తిప్పించీ తిప్పించీ రైలు పోగొట్టుకునేది. హలోగారి గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ వెంటనే సంతోషం పొంగుకొచ్చింది. నేను లేకపోయినా నడుస్తుంది. నడుస్తుందిరా బాబూ!

గడియారం నాలుగూ ముప్పై ఏడు. పెట్టె, సంచి ఎత్తింది. గుడ్డ కోసం చెయ్యి చాచింది, కానీ అది తెరతో కలిసి కుట్టుకుపోయి సూది కింద ఉంది. కత్తెర పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. వాళ్ళిద్దరూ తలెత్తలేదు. ఆమె పిలవలేదు.

సంచిలో ఫోను మోగింది. "హలో!"

"ఎక్కడ?" అన్నాడు భర్త.

"మెట్ల మీద."

"ఎక్కుతున్నావా, దిగుతున్నావా?"

"దిగుతున్నానండీ! దిగుతున్నా!" అంది, అప్పుడొచ్చాయి కన్నీళ్ళు, ఎవరూ చూడని చోట, గిల్లకుండానే.

వీధిలోకొచ్చి ఒక్కసారి పైకి చూసింది. కిటికీ తెర పక్కకి పీక్కుపోయి ఉంది. దాని అంచుకి కుట్టుకుపోయిన తెల్లగుడ్డ సగం బయటికి జారి, ఇరవై రెండేళ్ళ తప్పులతో టైర్ల దుకాణం మీద గాలికి ఎగురుతోంది.