టెర్టియారియస్

గీతాంజలి ఉద్యోగం పోయిన రోజు వీరభద్రం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తినడూ మరి! అమెరికాలో, బెంటన్‌విల్ ఆఫీసులో తామిద్దరు కాంట్రాక్టర్లుంటే ఒక్కరినే ఉంచుతామన్నారు. ఆ ఒక్కడూ తనే అయ్యాడు. ఎలా అయ్యాడో మాత్రం ఇంట్లో చెప్పలేదు. గీతాంజలి చేసిన పొరపాటుకి ఒక పూటంతా కంపెనీ స్టోర్లలో ధరలు తప్పుగా పడ్డాయి. "అన్నయ్యా, కాస్త కవర్ చేయవా" అని బతిమాలితే "నేనున్నాగా తల్లీ" అన్నాడు. అదే నోటితో మేనేజర్‌కి పూసగుచ్చినట్టు చెప్పాడు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఆమె దేశం వదలాలి. పాపం అనిపించకపోలేదు. కానీ పాపమనుకుంటూ కూర్చుంటే తన వీసా నిలుస్తుందా?

వారం తిరక్కుండా నీరజ్ దిగాడు. తక్కువ రేటుకి వచ్చినవాడు, మంచి చురుకైనవాడు. "నెల రోజుల్లో పనంతా ఇతనికి నేర్పండి" అంది మేనేజర్. ఎందుకని వీరభద్రం అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

ఆ సాయంత్రం కూతురు అనిక లాటిన్ క్లాసు సంగతులు మొదలెట్టింది.

"డాడీ, టెర్టియారియస్ అంటే తెలుసా? ఒక టైప్ గ్లాడియేటర్. ఇద్దరు ఫైట్ చేసి ఒకడు గెలుస్తాడు కదా, వాడితో ఫైట్ చేయడానికి వచ్చే థర్డ్ గై."

"గెలిచినవాడికి రెస్ట్ ఇవ్వరా?"

"నో! వాడికి బ్లడ్ కారుతుంటుంది, వీడు ఫుల్ ఫ్రెష్. సో అన్‌ఫెయిర్!"

"నోర్మూసుకుని తిను" అని కసిరాడు. పిల్ల బిత్తరపోయింది.

మూడోవారం నీరజ్ నుంచి చాట్‌లో మెసేజ్ వచ్చింది. "అన్నా, కొత్త కోడ్ టెస్ట్ చేయకుండనే రిలీజ్ చేసిన. జర కవర్ చేయవా?"

వీరభద్రానికి ప్రాణం లేచొచ్చింది. "నేను చూసుకుంటాలే తమ్ముడూ" అని టైప్ చేసి, ఆ వెంటనే మేనేజర్‌కి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. తిప్పితిప్పి రాస్తుండగానే ఆమె గదిలోకి పిలిచింది. నీరజ్ అప్పటికే లోపలున్నాడు.

"టెస్ట్ అక్కర్లేదని మీరే చెప్పారట. కవర్ చేస్తానని కూడా అన్నారట" అంటూ ఆమె చాట్ చూపించింది.

"అబద్ధం! కవర్ చేసే ఉద్దేశమే లేదు నాకు. కావాలంటే చూడండి" అని వీరభద్రం లాప్‌టాప్ తెరిచి, తను రాస్తున్న ఫిర్యాదు ఆమె ముందు పెట్టాడు.

ఆమె ఆసాంతం చదివింది. "అతనికో మాట, నాకో మాట. మీ మాటల్లో దేన్ని నమ్మమంటారు?" అని అడిగింది.

వీరభద్రం దిక్కుతోచక నీరజ్ వైపు చూశాడు. కుర్రాడు అప్పటికే, వీరభద్రం నేర్పినవన్నీ రాసుకున్న నోట్సు సర్దుకుంటున్నాడు.

"సారీ అన్నా" అన్నాడు తెలుగులో, "నాదీ వీసానే."