అమ్మకిచ్చిన మాట

భువనేశ్వరి తెనాలి ఆసుపత్రిలో తెల్లవారుజామున పోయింది. ఆమెను బాపట్ల ఇంటికి తెచ్చి వరండాలో పడుకోబెట్టేసరికి, గుమ్మం ముందు మెడికల్ కాలేజీ వ్యాను ఆగి ఉంది. చూడగానే కూతురు హరిచందనకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు రమ్మన్నారు నాన్నా దాన్ని?"

"నేనే," అన్నాడు బ్రహ్మానందం. దేవుడు లేకపోయినా మనిషి నీతిగా బతకగలడని ఊరూరా ఉపన్యాసాలిచ్చే రిటైర్డు లెక్చరరాయన. ఆయన నాస్తిక సంఘం మిత్రులు అప్పుడే పూలదండతో వీధిలో నిలబడి ఉన్నారు.

"అమ్మ నీ చెయ్యి పట్టుకుని ఏమంది? నన్ను కోతలకివ్వకండి, మంత్రాలతో సాగనంపండి అంది. సరేనన్నావు. పక్కనే ఉన్నాన్నేను."

"కాదంటే అప్పుడు బాధపడేదమ్మా. ఇప్పుడు తనకేం తెలుస్తుంది? ఎంతమంది పిల్లలు వైద్యం నేర్చుకుంటారు! ఏది మంచిదో నువ్వే చెప్పు."

ఆ వాదన తప్పని ఆమె అనలేకపోయింది. తనకూ దేవుడి మీద నమ్మకం లేదు. తన దేహాన్ని కాలేజీకే ఇవ్వమని ఎప్పుడో రాసిచ్చింది. అందుకే కోపం మరీ పెరిగింది.

"అది నా ఇష్టం నాన్నా. ఇది అమ్మ ఇష్టం. చావబోయే మనిషికి ఏం చెప్తే ఏంలే అనుకున్నావా?"

అమృతలూరు నుంచి వచ్చిన మేనమామ సీతారామాంజనేయులు కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "దేవుడంటే భయం లేనివాళ్ళ మాట ఇట్టాగే ఉంటుందమ్మా."

హరిచందన గిర్రున తిరిగింది. "మీరు మాట్లాడకండి మావయ్యా. మిమ్మల్ని ఒక్కసారి చూడాలని అమ్మ ఎంత అడిగింది! అయ్యప్ప మాలలో ఉన్నాను, ఆసుపత్రికి రానన్నారు. పోయిందనగానే మాల తీసి వచ్చారుగా. బతికుండగా తియ్యలేకపోయారా?"



ఆమె మెట్లు దిగి వ్యాను దగ్గరికెళ్ళింది. "నేను కూతుర్నండి. నేనొప్పుకోను. బండి తీసుకెళ్ళిపోండి."

"ఇంట్లో గొడవుంటే మేం తీసుకోమండి," అని డ్రైవరు బండి తిప్పాడు.

"నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు తండ్రి.

"నీ పరువు కోసం అమ్మని పంపేదాన్ని కాదు."

శ్మశానానికి ఆయన రాలేదు. హరిచందనే నిప్పు పెట్టింది. పురోహితుడు చెప్పిన ప్రతి మాటనూ, ఒక్కదాన్నీ నమ్మకుండానే, గట్టిగా పలికింది. పక్కన మేనమామ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఆయన్ని ఓదార్చలేదు.

ఇంటికొచ్చేసరికి బ్రహ్మానందం వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఆదివారం రేపల్లెలో నా మీటింగుంది. మానుకోమంటావా?"

"వెళ్ళు నాన్నా. నువ్వు చెప్పేది నేనూ నమ్ముతాను. కానీ అమ్మకేం చెప్పావో, ఏం చెయ్యబోయావో, అది కూడా చెప్పు అక్కడ."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. హరిచందన తడిబట్టలతోనే పెరట్లోకి పోయి, పొద్దుట్నుంచీ రాని ఏడుపు ఏడ్చింది.