జెండ ముందర అమ్మ

మా లేబర్ క్యాంప్ బాస్ పేరెత్తితే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది. వాని నోట్ల మన్నువడ!

అప్పుడు, డెబ్బైలల్ల, మేము మస్కట్‌ల ఖురం కాడ బిల్డింగ్ పని చేస్తున్నం. నేను మేస్త్రీని. నా రూమ్‌ల ఉండే ఖమరుద్దీన్ జగిత్యాల మనిషి, ఊర్ల టూరింగ్ టాకీస్ మిషన్ నడిపినోడు. శుక్రవారం పొద్దుగూకితే కంపెనీ మిషన్ పెట్టి మెస్ గోడ మీద హిందీ సినిమా ఏసేటోడు.

మా ఫోర్‌మన్ ఒస్తాప్ సాబ్. పాస్‌పోర్ట్ కెనడాది గానీ పుట్టింది ఉక్రెయిన్‌ల. ముసలోడు, కోపిష్టి, మనసు మాత్రం ఎన్నపూస. ఒకనాడు ఒక రేకు డబ్బ పట్టుకొని మా రూమ్‌కొచ్చిండు.

"ఖమర్, ఇది జర నడుపుతవా? చిన్నదే," అని వచ్చీరాని హిందీల అడిగిండు.

"ఏం పిక్చర్ సాబ్?"

"అబద్ధాల పిక్చర్."

కూసొని చెప్పుకొచ్చిండు. ఆయన పోరడప్పుడు మాస్కో సర్కారు వాళ్ల ఊరి గింజలన్నీ ఊడ్చుకపోయిందట. పోంగపోంగ కెమెరా పెట్టి, డోళ్లు కొట్టిచ్చి, రైతులే సంబురంగ ఇస్తున్నట్టు సినిమా తీసిండ్రట. ఉక్రెయినోళ్ల చరిత్ర ఇదే అని ఊరూరా ఆడిచ్చిండ్రట. వాళ్లమ్మను గూడ నెత్తికి బస్త ఎత్తి కెమెరా ముందట నడిపిచ్చిండ్రు. ఆ చలికాలమే ఆమె తిండిలేక సచ్చిపోయింది. ఎన్నో ఏండ్లకు కెనడాల పాత సామాన్ల అంగడిల ఈ రీలు ఆయనకు దొరికింది. అమ్మ ఫోటో ఇంకోటి లోకంలనే లేదు.

శుక్రవారం హిందీ సినిమాకు ముందు ఏసిండు ఖమరుద్దీన్. మాటల్లేని బొమ్మ. బండ్లకు పూలదండలు, నవ్వుకుంట గింజలు పోసే ఆడోళ్లు, ఎనక సుత్తె కొడవలి ఉన్న పెద్ద జెండ. మా నర్సయ్య పెద్దాయనకు ఊకోబుద్ధి కాలే.

"అరేయ్, ఇది లెవీ వసూలు రా! నైజాం కాలంల మా గరిసెలు గిట్లనే ఊడ్చిండ్రు. పోలీసు అమీన్‌సాబ్ ముందర మేమూ గిట్లనే పండ్లికిలిచ్చినం."

అప్పుడు కనవడ్డది సాబ్ వాళ్లమ్మ. తెల్ల రుమాలు కట్టుకొని, మనకు వీపు పెట్టి, జెండ దిక్కు నడిచింది. బస్త దించింది. ఒక్కసారి ఎనక్కి తిరిగి మన దిక్కు చూసింది. అందరు నవ్వుతుంటే ఆమె నవ్వలే. అంతల్నే బొమ్మ మారింది.

"మొత్తం పిక్చర్ల నిజం గంతే," అన్నడు ఒస్తాప్ సాబ్. నాకు దుఃఖం ఆగలే.

ఎవడో చాడీ చెప్పిండు. తెల్లారి ఒస్తాప్ సాబ్ కంపెనీ పని మీద ఇబ్రా అనే ఊరికి పోయిండు. పగటాల్ల క్యాంప్ బాస్ మా రూమ్‌కొచ్చిండు.

"కమ్యూనిస్టు జెండ చూపిస్తర్రా? సలాలా దిక్కు సుల్తాన్ ఫౌజుకు వాళ్లతోనే లడాయి నడుస్తుంది. పోలీసులకు ఒక్క మాట చెప్తే మీ ఫోర్‌మన్‌కు జైలే."

"సాబ్, ఆయన తల్లిని సంపిందే ఆ జెండోళ్లు," అన్న నేను. "ఆయన కమ్యూనిస్టు ఎట్లయితడు?"

"జెండ కనవడ్తదా, లేదా?"

కనవడ్తది.

"ఆ జెండ ఉన్న తుకుడ కోసి నా ముందరనే కాలవెట్టు. లేకుంటే ఫోన్ చేస్త."

ఖమరుద్దీన్ తన కాడనే ఉన్న రేకు డబ్బల నుంచి రీలు తీసిండు. "పెద్దులన్నా, పోలీస్ యాక్షన్‌ల ఇల్లు కాలినప్పుడు మా అమ్మీ ఫోటో గూడ పోయింది," అన్నడు నాతోని. "సాబ్‌కు గా గతి పట్టొద్దు. కానీ ముందుగాల మనిషి దక్కాలె గద."

బ్లేడు పట్టిండు. టాకీస్‌ల తెగిన రీళ్లు ఎన్ని అతికిచ్చిన చెయ్యో అది. బొమ్మ ఒక్కోటి గోరంత. జెండ ఉన్న కాడల్ల తల్లి ఉన్నది. బాస్ సిగరెట్ ముట్టిచ్చుకునే సందుల, తెల్ల రుమాలు కనవడ్డ కాడ జానెడు తెంపి టోపీల దాసిండు. కోసిన దాంట్ల మిగిలింది మెస్ పొయ్యిల పడ్డది. కంపు కొట్టుకుంట కరిగింది.

ఒస్తాప్ సాబ్ మర్నాడు మాపటీలి వచ్చిండు. జరిగింది చెప్పినం. డబ్బ మూత తీసి రీలును తడిమిండు.

ఖమరుద్దీన్ టోపీ తీసిండు. "సాబ్, అమ్మను కాపాడిన," అని ఆ తుకుడ చేతుల పెట్టిండు. ఇద్దరి మొఖాలూ ఎలిగినయ్.

ముసలాయన బల్బు కిందికి పోయి పైకెత్తి చూసిండు. నేనూ తొంగి చూసిన. తెల్ల రుమాలు, వీపు. దాని కింద తెల్ల రుమాలు, వీపు. తుకుడంత గదే. ఆమె తిరిగి చూసిన తుకుడ పొయ్యిల పోయింది.

"ఆమేనా సాబ్?" అని ఆశగ అడిగిండు ఖమరుద్దీన్, పిచ్చోడు.

"ఆమెనే. షుక్రియా, బేటా."

ఆ తుకుడను బల్బు ముందర మెల్లగ కిందికి జరిపిండు. మల్ల పైకి తీస్కపోయి మల్ల జరిపిండు. అమ్మ తిరగలే.