కుర్చీ కానన్న కోడలు

బట్టల కొట్టు నడిపే ఆవిడ బేరంలో ఎవరికీ లొంగే రకం కాదు. అలాంటి మనిషిని ఫోటో స్టూడియోలో కుర్చీ చేస్తామన్నారు.

"కెమెరా మూత తీసి ఉన్నంతసేపూ పసిబిడ్డ కదలకుండా ఉండాలంటే అంతేనమ్మా," అన్నాడు ఫోటోలాయన, పూలదుప్పటి దులుపుతూ. "మీరు దీని కింద కూర్చుని బాబుని పట్టుకోండి. ఫోటోలో బట్ట కప్పిన కుర్చీలా పడతారు. తల్లులందరూ ఇలాగే కూర్చుంటారు."

"మోసేది నేనూ, ఫోటోలో పడేది వాడూనా? ఇదేం బేరమండీ!"

"నువ్వూరుకోవే," అంది పక్కనున్న అత్త. "ఫోటో వెళ్ళేది మా అక్కయ్య ఇంటికి. వాళ్ళకి మనవణ్ణి చూపిస్తే చాలు. గజాలు కొలిచే కోడల్ని చూపించి నవ్వులపాలవనా?"

ఆ మాట చురుక్కుమంది. ఇల్లు గడిచేది ఆ గజాల మీదే. అయినా పరాయివాడి ముందు అత్తతో గొడవపడితే నష్టమే మిగులుతుందని లెక్కేసుకుని దుప్పటి కిందికి దూరింది. ఒకటే గుచ్చుకుంది: రేపు వీడు పెద్దవాడై "ఇందులో అమ్మేదీ?" అంటే ఏం చూపించాలి?

పిల్లాడికీ ఈ వ్యాపారం నచ్చలేదు. అమ్మ చేతులున్నాయి, అమ్మ లేదు. గుక్కపట్టాడు. గిలక ఆడించారు, చిటికెలు వేశారు, అత్త పిల్లిలా అరిచింది. ఊహూఁ.

"పోనీ మీరు కూర్చోండి అత్తయ్యా, దీని కింద."

"నాకు ఊపిరాడదే తల్లీ!"

"నాకు ఆడుతోందా మరి?" అంటూ దుప్పటి లాగి అవతల పారేసింది.

అమ్మ మొహం కనబడగానే వాడు ఏడుపు మింగేశాడు. ఆమె మెడలోంచి వేలాడుతున్నదేదో గుప్పిట పట్టి, దాన్నే చూస్తూ బొమ్మలా ఉండిపోయాడు. ఇదే అదననుకుని ఫోటోలాయన కెమెరా మూత తీశాడు.

ఫోటో తెచ్చుకోవడానికి వెళ్ళినరోజు అత్త గుండెలు బాదుకుంది. కోడలి మెడలో కొలత టేపు! కొట్లోంచి పరుగున వస్తూ తీయడమే మరిచిపోయింది; పిల్లాడి ఏడుపు గొడవలో ఎవరూ చూసుకోలేదు.

"కంగారు పడకండి, ఫోటో పడిన గాజుపలక మీద గీకేస్తే టేపు మాయమవుతుంది," అన్నాడు ఫోటోలాయన.

అత్త ఫోటోని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీకేస్తే వీడి చేతిలో ఏముంటుంది?"

"ఏమీ ఉండదమ్మా."

"ఉత్త గుప్పిట కేసి చూస్తూ కూర్చోవడానికి నా మనవడేమన్నా వెర్రివాడా? అక్కర్లేదు, ఉంచు." తర్వాత కోడలి వైపు తిరిగింది. "అక్కయ్య అడిగితే, మా కోడలికి సొంత కొట్టుందని చెప్తా. అడిగితేనే సుమా!"

"అంత పొడుగు టేపు చూశాక అడక్కుండా ఉంటారా అత్తయ్యా?"

"అడిగితే మంచిదే," అంది అత్త, ఫోటో చంకలో పెట్టుకుని గుమ్మం దిగుతూ. "వాళ్ళింటి తెరలన్నీ ఎప్పుడో చిరిగిపోయాయి."