రౌదా వదలని పని

"ఈసారి ఎన్నాళ్లో!" అంది అత్తగారు జొహ్రా, జల్లెడ ఆడించే చెయ్యి ఆపకుండానే.

అడిగింది రౌదాని కాదు, పక్కన కూర్చున్న కూతురు సామియాని. కోడలి ఎదురుగానే కోడలి గురించి ఎవరో ఊళ్లోవాళ్ల సంగతిలా మాట్లాడటం ఆవిడకి అలవాటే. డాబా మీద ఆగస్టు ఎండ మాడ్చేస్తోంది. అన్నంలా వండుకు తినే కుస్‌కుస్ ఏడాదికి సరిపడా ఈ వారంలోనే చేసి ఆరబెట్టాలి. వెడల్పాటి చెక్క పళ్లెంలో గోధుమ రవ్వ మీద నీళ్లు చిలకరించి, పూసలు కట్టేదాకా అరచేత్తో తిప్పుతూనే ఉంది రౌదా.

"మొదట నర్సరీ స్కూలు. తర్వాత మందుల షాపు. ఆపైన పెళ్లికూతుళ్లకి మేకప్పు. ఇప్పుడు హార్బర్లో పడవ ఇంజిన్లట! నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు వదినా నీతో," అంది సామియా. తెలిసినట్టే నవ్వింది కూడా.

రౌదాకి ఒళ్లు మండింది. పిల్లలంటే ఇష్టమే గానీ రోజంతా వాళ్లతో పాటలు పాడటం తన వల్ల కాదని నర్సరీలో చేరబట్టే తెలిసింది. మందుల షాపులో ఊపిరాడలేదు. పెళ్లికూతుళ్లు ఫరవాలేదు, వాళ్ల తల్లుల్ని భరించలేకపోయింది. చేసి చూడకుండా తెలిసేదెలా? మొగుడు లత్‌ఫీ హోటల్లో మానేసి టాక్సీ కొన్నాడు, టాక్సీ అమ్మి ఆలివ్ నూనె వ్యాపారం పెట్టాడు, అది మునిగితే ఇప్పుడు రంగుల కొట్టు. అతన్ని మాత్రం "పాపం, వాడికింకా దారి దొరకలేదు" అంటారు. తనకేమో నిలకడ లేదట! మొన్న మహ్దియా హార్బరు షెడ్డులో చెడిపోయిన ఇంజినొకటి విప్పి, కడిగి, బిగించి, తాడు లాగితే దగ్గి దగ్గి అందుకుంది. ఆ చప్పుడుకి రౌదాకి కళ్లు తడిశాయి. సాయంత్రమైపోయిందని కూడా అప్పుడే చూసుకుంది. ఇదే తన పని అని ఇన్నేళ్లకి తెలిసింది. రేపటి నుంచి వస్తే సరే, రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానన్నాడు షెడ్డు యజమాని.

లత్‌ఫీ పైకొచ్చి నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగాడు.

"రేపు కుదరదని చెప్పెయ్. ముందు కుస్‌కుస్ అవనీ. ఎలాగూ రెణ్నెల్లలో అదీ వదిలేస్తావు. పట్టుకున్న పని ఒక్కటైనా మానకుండా చేశావా నువ్వు?"

రౌదా చేతులు ఆగాయి.

"చేశాను. ఇదే. పెళ్లయినప్పట్నించీ ప్రతి ఆగస్టూ చేస్తున్నా. జ్వరంలో చేశాను. నిండు కడుపుతో చేశాను."

"ఇది పనేమిటే? ఇంటి బాధ్యత," అంది అత్తగారు.

"అవునత్తయ్యా. మిగతావన్నీ నాకు నచ్చుతాయో లేదో నేనే చూసుకుని మానేశాను. ఇది నచ్చిందా అని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడిగి చూసుకోలేదు."

"సరే, ఇప్పుడు నేనడుగుతున్నా. నచ్చిందా?" అన్నాడు లత్‌ఫీ, చెల్లెలి వంక చూసి కన్నుకొడుతూ.

రౌదా లేచి, చెక్క పళ్లెం అతని కాళ్ల దగ్గరికి జరిపింది.

"నచ్చలేదు. మానేస్తున్నా."