పరదేశం వెళ్ళిన ఫోటో

గుఢియారీ బస్తీలో పదిమంది ఆడవాళ్ళతో కలిసి అప్పడాలు వత్తే నాంచారమ్మ దగ్గరికి ఎగుమతులను ప్రోత్సహించే సర్కారీ ఆఫీసు వాళ్ళొచ్చి, దుబాయ్ ప్రదర్శనకని ముప్పై ప్యాకెట్లు ఊరికే పట్టుకెళ్ళారు. ఆమె ఫోటో కూడా తీసుకున్నారు. ఆర్నెల్లయినా కబురు లేకపోయేసరికి తనే ఆఫీసుకు వెళ్ళింది.

"మీ అప్పడాలు తెగ నచ్చాయమ్మా! నెలకు పది టన్నుల ఆర్డరొచ్చింది," అన్నాడు అధికారి.

"మా మొహల్లా వీధుల్లోని ఆడాళ్ళందరినీ కూడగడతాను సాబ్!"

"అంత మీవల్ల కాదని మందిర్ హసౌద్ ఊళ్ళోని పెద్ద అప్పడాల ఫ్యాక్టరీకి ఇచ్చేశాం. ప్యాకెట్ మీద మాత్రం మీ ఫోటోనే కావాలట. వాడుకోవచ్చని ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

"మమ్మల్ని ఒక్కమాటైనా అడిగారా?"

"మీ మొహం పరదేశం వెళ్తోంది, సంతోషించక!"

నాంచారమ్మ కాగితం చింపి బల్లమీద పడేసి వచ్చేసింది. అయినా ఆమె ఫోటోతోనే ప్యాకెట్లు అచ్చయ్యాయి.

"మమ్మల్ని వదిలేసి నువ్వొక్కదానివే బాగుపడ్డావు కదా వదినా," అని ఆ ప్యాకెట్లు చూసిన తోటి ఆడవాళ్ళు ఆమె గుమ్మం తొక్కడం మానేశారు.