మూడో సెకనుకు మాయమైన స్వరం

మా వదిన పద్దెనిమిదేళ్లుగా వయొలిన్ నేర్పుతోంది. ఆమెకు పట్టా లేదు. చేతిలో విద్య ఉన్నవాళ్లకు పట్టా ఎందుకని నన్నడిగితే గంటసేపు చెబుతాను. ఆమె నేర్పే సంగీత పాఠశాల కార్యదర్శి నన్నడగలేదు. ఇక పాఠాలన్నీ వీడియో కాల్‌లోనే అని తేల్చి, పట్టా ఉన్న ఇంకో మాస్టారి చేత మొదలుపెట్టించాడు. వదినకు మాత్రం పరీక్ష పెట్టాడు. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఒక పాఠం చెప్పి చూపించాలి. శబ్దం సరిగ్గా రాకపోతే ఆమె దగ్గరున్న పన్నెండుమంది పిల్లలూ ఆ మాస్టారి దగ్గరికి పోతారు.

నేను బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఆ పనీ నాకెవరూ నేర్పలేదు. విప్పాను, చూశాను, బిగించాను. శనివారం సెలవు పెట్టి పొద్దున్నే అన్నయ్య ఇంటికి వెళ్లాను.

"వచ్చావా ఆడపడుచా. స్పానర్ తెచ్చావా?" అంది వదిన.

"తెచ్చాను. ముందు నీ నోరు బిగించి తర్వాత కంప్యూటరు సంగతి చూద్దామని."

ల్యాప్‌టాప్‌ను ముందు గదిలో స్టూలు మీద పెట్టాం. నా ఫోనుకు కాల్ కలిపి, తలుపులు మూసి, నేను మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను. వదిన మొదటి పాఠం ఎప్పుడూ ఒక్కటే: ఒకే తీగ మీద కమానును ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా, ఒకే తీరున లాగడం. పిల్లలకు విసుగు పుట్టించే పాఠం. కానీ అది వచ్చాకే ఆమె పాటల జోలికి పోనిస్తుంది.

ఆమె కమాను లాగింది. రెండు సెకన్లు చక్కగా వినిపించింది. మూడో సెకనుకు ఎవరో మెల్లగా పీక నొక్కినట్టు స్వరం అణిగిపోయింది. ఫోనులో చెయ్యి కదులుతోంది, శబ్దం లేదు.

"వినబడుతోందా?" అని వదిన అరిచింది. అది మాత్రం ఖణేల్మని వినిపించింది.

గదిలో రొద వల్ల అనుకున్నాం. ఫ్యాను ఆపాం. కిటికీలు మూశాం. ఫ్రిజ్ ప్లగ్గు పీకాం. బీరువాలోని దుప్పట్లన్నీ తీసి గోడలకు వేలాడదీశాం. చెమటతో తడిసిపోయాం. గది ఎంత నిశ్శబ్దమైతే స్వరం అంత తొందరగా చచ్చిపోతోంది.

"నేను ఊపిరి తీసుకోవచ్చా?" అన్నాడు అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి.

"తీసుకోండి. వదలడం మాత్రం బయటికెళ్లి వదలండి" అంది వదిన.

పదకొండున్నరకు ఆమె వయొలిన్ ఒళ్లో పెట్టుకుని కూలబడింది. "నిన్న ఆ మాస్టారి పాఠం మా శిష్యురాలి ఇంట్లో విన్నానే. ఆయనా ఇదే పాఠం మొదలుపెట్టాడు. మొత్తం వినిపించింది. నా చేతిలోనే ఏదో లోపం ఉండుంటుంది."

పద్దెనిమిదేళ్లు నేర్పిన మనిషి చేత ఒక యంత్రం ఆ మాట అనిపించింది. నాకు ఒళ్లు మండింది. మిషను ఆగిపోతే కుట్టేవాళ్లను తిట్టే సూపర్‌వైజర్లను చాలామందిని చూశాను. తప్పు మనిషిదని నేనెప్పుడూ ముందుగా ఒప్పుకోను.

ఫ్యాను మళ్లీ వేసి, ఫ్రిజ్ ప్లగ్గు పెట్టి, ల్యాప్‌టాప్‌ను దాని కిందికి జరిపి, మెట్ల మీదికి వెళ్లాను. ఫోనులో ఫ్యాను చప్పుడు ఒక్క పిసరు కూడా లేదు. అప్పుడు తట్టింది. ఇది చప్పుళ్లను ఏరి పారేస్తోంది. ఎగుడుదిగుడు లేకుండా ఒకే తీరున సాగే శబ్దం ఏదైనా దాని లెక్కలో మోటారే.

"వదినా, ఈసారి చెయ్యి వణికిస్తూ లాగు."

"నేనా?"

"ఒక్కసారి చెడగొట్టు. నాకోసం."

చెడగొట్టడానికి ఆమెకు మూడుసార్లు పట్టింది. చివరికి చెయ్యి వణికించింది. స్వరం మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా వచ్చింది. మెట్ల మీద కూర్చునే పగలబడి నవ్వాను.

లోపలికి వెళ్లి చెప్పాను. "నీ కమాను అంత నిలకడగా ఉంది కాబట్టే అది నిన్ను ఫ్యాను అనుకుంటోంది."

వదిన కమాను కిందపెట్టింది. "అయితే ఆయనది మొత్తం వినిపించిందంటే..."

"అదే నేనూ ఆలోచిస్తున్నాను."

"నవ్వకు. పాపం మంచివాడు" అంటూనే తనూ నవ్వేసింది.

"ఇంకేం, మూడింటికి కాస్త వణికిస్తూ వాయించెయ్, పనైపోతుంది" అన్నాడు అన్నయ్య.

వదిన నవ్వు ఆగింది. "పిల్లలు ఏది వింటే అదే పట్టుకుంటారండీ. వణుకు నేర్పడానికి నేనెందుకు?"

నేను సెట్టింగులు తెరిచాను. కావలసినవి నాలుగు తలుపుల అవతల దాచినట్టు ఉన్నాయి. చప్పుడు తగ్గించేది ఆపాను. మైకు తనంతట తానే శబ్దాన్ని హెచ్చించి తగ్గించేదాన్ని కూడా ఆపాను. ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు పంపేదాన్ని నొక్కాను. స్పీకరు శబ్దం తిరిగి మైకులో పడకుండా వదిన కుడి చెవికి ఇయర్‌ఫోను పెట్టి, వయొలిన్ వైపున్న ఎడమ చెవిని వదిలేశాను. ఇప్పుడు ఫ్యాను హోరుమని వినిపించింది, ఫ్రిజ్ గురక పెట్టింది. మళ్లీ రెండూ ఆపాం. దుప్పట్లు ఈసారి నిజంగానే పనికొచ్చాయి.

మూడింటికి తెర మీద కార్యదర్శి, ముగ్గురు పిల్లలు ఎవరిళ్ల నుంచి వాళ్లు కనిపించారు.

"మేడం, ఆ పొడుగు కమాను వద్దు. ఏదైనా పాట చెప్పండి. వీడియోలో ఆ పొడుగు స్వరాలు రావు, మాస్టారి పిల్లలవీ రాలేదు" అన్నాడు కార్యదర్శి.

"నావి వస్తాయి" అంది వదిన.

లాగింది. మెట్ల మీద ఫోను పట్టుకుని నేను లెక్కపెట్టాను. ఇరవై ఏడు సెకన్లు. ఎక్కడా స్వరం తొణకలేదు. కమాను వెనక్కి తిరిగిన చోటు కూడా తెలియలేదు. ఆ చెయ్యి మా ఇంటిది.

తర్వాత ఒక పాపను వాయించమంది. పాప సన్నటి స్వరం కాసేపటికే అణిగిపోయింది.

"చూశారా, చెప్పానుగా" అన్నాడు కార్యదర్శి.

"తప్పు పాపది కాదు. ఏమే ఆడపడుచా, ఇలా రా. నువ్వే చెప్పు."

చెమట మరకల చొక్కాతోనే వెళ్లి తెర ముందు కూర్చున్నాను. సన్నటి శబ్దాన్ని కూడా అది రొద కిందే పారేస్తుందని చెప్పి, పాప పక్కనున్న తల్లికి ఏది నొక్కాలో, ఏది ఆపాలో వరసగా చెప్పాను. ఈసారి పాప స్వరం వచ్చింది, వంకరటింకరగా, ఊపిరాడనట్టు. కానీ మొత్తం వచ్చింది.

"భుజం దించమ్మా. మళ్లీ" అంది వదిన.

పాఠం నలభై నిమిషాలు సాగింది.

చివర్లో కార్యదర్శి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పిల్లలు మీ దగ్గరే ఉంటారు మేడం. ఆ సెట్టింగులు రాసి పంపండి, టీచర్లందరికీ పంపుతాను. మాస్టారికి కూడా. రాసినవారి పేరు కింద ఏం వేయమంటారు? సౌండ్ ఇంజనీరనా?"

నేను వద్దని చెయ్యి ఊపాను. వదిన నావైపు చూడలేదు.

"కుట్టుమిషన్ల మెకానిక్ అని వేయండి. మా ఆడపడుచు అని కూడా."

"రెండోది అవసరమా మేడం?"

"నాకు అవసరం" అంది వదిన.